నడివయస్సున పట్టిన అల్లిక సూదులు

ఢిల్లీ నగరములో పుష్యమాసపు మధ్యాహ్నము చూడదగినది. ఉదయమెల్ల మంచు మాటున దాగిన సూర్యుడు పన్నెండు గంటల వేళకు బయటపడగానే, కచేరీల ముందరి పచ్చిక మీదికి ఉద్యోగులు వచ్చి చేరుదురు. ఒకరు వేరుసెనగకాయలు ఒలుచుకొందురు; ఒకరు నారింజ తొనలు పంచిపెట్టుదురు. ఆ గుంపులలోని స్త్రీల ఒడిలో ఊలు ఉండలు దొర్లుచుండును. చేతులలో రెండేసి సూదులు ఆడుచుండును. మాటలు ఆగవు, చేతులును ఆగవు. గోదావరి ఒడ్డున పెరిగిన మాకు ఊలు అనగా రైలు ప్రయాణములో కప్పుకొను శాలువ మాత్రమే. ఉద్యోగరీత్యా కొన్ని శీతకాలములు అక్కడ గడిపినప్పుడు ఆ దృశ్యమును వేడుకగా చూచినాము. 40 యేండ్లు నిండిన తరువాత మేమును ఆ సూదులు పట్టుదుమని అనుకొనలేదు.

మా తండ్రిగారు గతించిన యేటి మాట ఇది. పగలు పనిలో గడచిపోవును. రాత్రి నిద్ర రాదు. మాతో పనిచేయు పంజాబీ ఆవిడ, వయస్సున మాకంటె పెద్దవారు, ఒకనాడు ఏమియు అడుగకయే ఒక ఊలు ఉండను, రెండు సూదులను మా ముందుంచినారు. తామే 30 ఉచ్చులు సూదికి ఎక్కించి, రెండు వరుసలు అల్లి చూపి, ‘ఇక మీరు అల్లండి’ అన్నారు. వారము తిరుగునప్పటికి ఆ 30 ఉచ్చులు 37 అయినవి. ఏడు ఉచ్చులు ఎక్కడినుండి వచ్చినవో మాకు తెలియదు. మఫ్లరు కావలసినది పైకి పోను పోను విసనకఱ్ఱ వలె విచ్చుకొన్నది. ఆవిడ దానిని చూచి నవ్వలేదు. ‘విప్పండి. ఊలు ఎక్కడికీ పోదు’ అన్నారు.

ఆ పనిలో మాకు కొంత నెమ్మది దొరికినది. రాత్రులు నిద్ర కూడ పట్టినది. ఏ పుస్తకమును, ఏ మిత్రుని మాటయు ఈయలేని నెమ్మదిని రెండు సూదులును గజము దారమును ఎట్లు ఇచ్చినవి? ఈ ప్రశ్న మమ్ము అల్లిక చరిత్ర వైపు నడిపినది. ఆ చరిత్రలో మేము ఎదురుచూచిన సమాధానము మొదట దొరకలేదు. దానికి వ్యతిరేకమైనదే దొరికినది.

నేతకును అల్లికకును గల భేదమును ముందు చెప్పవలెను. నేతలో పడుగు, పేక అని రెండు వరుసల దారములుండును. వానిని కలుపుటకు మగ్గము కావలెను. అల్లికలో ఉన్నది ఒకే దారము. ఆ దారముతో ఒక ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోనుండి మరియొక ఉచ్చు లాగుచు పోవుటయే అల్లిక. అందుచేత అల్లిన గుడ్డ సాగును. పాదమునకు, వ్రేళ్లకు, తలకు అంటి ఉండును. పనిముట్లు సంచిలో పట్టును. ఒకే దారము గనుక కొన లాగినచో మొదటి ఉచ్చు వరకు విడిపోవును. ఈ చివరి గుణమును శ్రోతలు జ్ఞాపకముంచుకొన వలెనని కోరుచున్నాము.

నేత అతి ప్రాచీనము. అల్లిక దాని ముందు పసిబిడ్డ. ఈజిప్టు దేశములో దొరికిన మధ్యయుగపు మేజోళ్లు నేడు మనకు కనబడుచున్న పాత అల్లికలలో ముఖ్యమైనవి. తెలుపు, నీలి రంగుల దారములతో సొగసైన నమూనాలు దిద్దిన పని అది. అవి ఊలువి కావు, నూలువి. తరువాత ఈ విద్య ఐరోపాకు పాకినది. 1400 ప్రాంతమున జర్మనీలో మాస్టర్ బెర్ట్రాం అను చిత్రకారుని చిత్రశాల నుండి వచ్చిన ఒక చర్చి చిత్రములో, మేరీమాత నాలుగు సూదులతో బాల యేసునకు కుట్టులేని చొక్కా అల్లుచుండును. ఆ చిత్రము నేడు హాంబర్గు నగరపు ప్రదర్శనశాలలో ఉన్నది. తల్లి చేతిలో సూదులు, ప్రక్కన బిడ్డ, ముఖమున ప్రశాంతి. అల్లిక అనగానే మన మనస్సునకు తోచు చిత్రము కూడ అటువంటిదే.

కాని ఆ కాలమున నిజముగా అల్లినవారి బ్రతుకు ఆ చిత్రము వంటిది కాదు. అల్లిక కూటికి చేయు పని. ఇంగ్లండు దేశములో 1571లో ఒక శాసనము చేసినారు. ఆరేండ్లు దాటిన సామాన్య ప్రజలు ఆదివారములందును పండుగ దినములందును స్వదేశములో చేసిన ఊలు టోపీ ధరించి తీరవలెనని దాని సారాంశము. టోపీలు అల్లి బ్రతుకు వేలాది జనమునకు పని పోకుండుటకే ఆ శాసనము. 1597లో దానిని రద్దుచేసినారు. ఆ శతాబ్ది చివర లింకన్, యార్క్ మొదలైన పట్టణములలో బీదపిల్లలకు అల్లిక నేర్పు బడులు వెలసినవి. ఆ బడుల ఆశయము పిల్లల వినోదము కాదు. వారి చేత సంపాదింపజేయుట.

1589లో నాటింగ్‌హాం ప్రాంతపు కాల్వర్టన్ గ్రామములో విలియం లీ అను మతాచార్యుడు మేజోళ్లు అల్లు యంత్రమును కనిపెట్టినాడు. చేతిపనివారి పొట్ట కొట్టునను శంకతో ఎలిజబెత్తు రాణి దానికి హక్కుపత్రము ఈయలేదని ప్రతీతి. లీ తన యంత్రముతో ఫ్రాన్సు దేశమునకు పోయి అక్కడనే మరణించినాడు. అతని యంత్రము మాత్రము చావలేదు. 200 యేండ్ల తరువాత, 1811లో, ఆ నాటింగ్‌హాం ప్రాంతములోనే కూలి చాలని యంత్రపు అల్లికపనివారు లుడ్డైట్లను పేరుతో యంత్రములను విరుగగొట్టినారు.

యంత్రము చేరని కొండ ప్రాంతములలో చేతి అల్లిక ఇంకను సాగినది. యార్క్‌షైరు కొండలలో డెంట్ అను లోయ దీనికి పేరుపొందినది. అక్కడి స్త్రీ పురుషులు పశువులను తోలుచు, బజారుకు నడచుచు గూడ అల్లుచుండెడివారు. ఇంగ్లీషు ఆస్థానకవి రాబర్టు సదీ తన గ్రంథములో ఆ లోయకు సంబంధించిన ఒక నిజమైన కథను చేర్చినాడు. ఇద్దరు చిన్నపిల్లలు, అక్కచెల్లెండ్రు, అల్లిక నేర్చుకొనుటకై ఇల్లు విడిచి డెంటుకు పంపబడినారు. అక్కడ తెల్లవారినది మొదలు అల్లికయే. తినుచుండగా తప్ప చేతికి విశ్రాంతి లేదు. ఇల్లు తలచుకొని తలచుకొని, చివరకు ఆ పిల్లలు ఎవరికిని చెప్పకుండ బయలుదేరి, దారి అడుగుచు కాలినడకన తల్లిదండ్రుల యిల్లు చేరినారు.

ఈ కథ చదివినప్పుడు మేము సూదులు క్రింద పెట్టి కొంతసేపు ఊరక కూర్చున్నాము. మాకు ఓదార్పునిచ్చిన పనినుండియే ఆ పిల్లలు పారిపోయినారు. పని ఒకటే, దారము ఒకటే, చేతి కదలిక ఒకటే. మరి భేదము ఎక్కడ?

ఈ ప్రశ్నకు సమాధానము బజారులో కాక, ఆసుపత్రులలో దొరకినది. 19వ శతాబ్ది చివరి భాగమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో వెయిర్ మిచెల్ అను ప్రసిద్ధ వైద్యుడుండెడివాడు. నరముల బలహీనత, దిగులు గలవారికి ఆయన విధించిన చికిత్స పేరు విశ్రాంతి చికిత్స. రోగి, ముఖ్యముగా స్త్రీ, వారముల తరబడి మంచము దిగరాదు. తొలిదినములలో చదువరాదు, వ్రాయరాదు, సూదిపని గూడ చేయరాదు. కొందరికి ఒళ్లు వచ్చినది. కొందరికి ఉన్న దిగులు రెట్టింపైనది.

1904లో మాసాచుసెట్సు రాష్ట్రపు మార్బుల్‌హెడ్ పట్టణములో హెర్బర్టు హాల్ అను వైద్యుడు దీనికి ఎదురుదారి పట్టినాడు. దిగులుతో వచ్చిన రోగులకు నేత, మట్టిపని వంటి చేతిపనులను మందు మోతాదు వలె కొలిచి ఇచ్చినాడు. మొదట పడకలో కొద్దిసేపు. తరువాత కూర్చుండి గంట. ఆ తరువాత పనిశాలలో. సూసన్ ట్రేసీ అను నర్సు ఇదే మార్గమున నడచి, రోగులకు నేర్పదగిన పనులను గూర్చి 1910లో ఒక గ్రంథము ప్రకటించినది. పని నేర్పు నర్సులకు ఉపయోగపడవలెనని వ్రాసిన గ్రంథమది.

వీరికంటె జార్జి బార్టన్ కథ మనస్సును ఎక్కువగా తాకును. ఆయన వైద్యుడు కాడు, గృహనిర్మాణ శిల్పి. క్షయ బాధించినది, పాదమునకు శస్త్రచికిత్స జరిగినది, తరువాత ఎడమ భాగము పక్షవాతముతో పడిపోయినది. ఆయన తోటపనియు వడ్రంగమును అభ్యసించి తన దేహమును తానే మరల లేపుకొన్నాడు. న్యూయార్కు రాష్ట్రములోని క్లిఫ్టన్ స్ప్రింగ్సు గ్రామములో ఒక యిల్లు తీసికొని దానికి ఓదార్పు గృహమని పేరుపెట్టినాడు. 1917 మార్చి నెలలో ఆ యింటనే కొద్దిమంది కలిసి, పని ద్వారా చికిత్సను పెంపొందించుటకు ఒక సంఘము స్థాపించినారు. నేడు ప్రపంచమంతట ఆసుపత్రులలో వృత్తి చికిత్స అనబడు విద్యకు అది పునాదులలో ఒకటి.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధము సాగుచున్నది. కందకములలో తడిసిన కాళ్లు కుళ్లిపోవుచుండగా, సిపాయిలకు పొడి మేజోళ్లు ప్రాణావసరమైనవి. ఇళ్లలో, బడులలో, రైళ్లలో స్త్రీలు, పురుషులు, పిల్లలు మేజోళ్లు అల్లినారు. జీవితములో సూది ముట్టని పెద్దవారెందరో అప్పుడు తొలిసారి నేర్చుకొన్నారు. దూరమున ఉన్న కొడుకు నిమిత్తము తల్లి చేయగలిగినది మరేమున్నది? గాయపడి వచ్చిన సిపాయిలును ఆసుపత్రి మంచములపై అల్లిక నేర్చినారు. తుపాకి పట్టిన చేతులలో ఊలు సూదులున్న ఆనాటి ఛాయాచిత్రములు నేటికిని నిలిచి ఉన్నవి. అల్లిక ఆడవారి పని అని నవ్వువారు ఆ చిత్రములను ఒకసారి చూడవలెను.

ఈ విద్య మన దేశమునకును వచ్చినది. అమెరికాలో జన్మించి, భారతీయుని పెండ్లాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొన్న కమలా నింబ్‌కర్ 1950లో బొంబాయి కె. ఇ. ఎం. ఆసుపత్రిలో వృత్తి చికిత్స నేర్పు పాఠశాలను ప్రారంభించినారు. కాలు చేయి పడిపోయినవారికి, మనస్సు చెదరినవారికి పనినే మందుగా ఇచ్చు పద్ధతి అట్లు మన వైద్యములో ప్రవేశించినది.

ఇక అల్లికలో ఆ మందు గుణము ఏమిటో చూతము. పరిశోధకులు చెప్పినది ముందు చెప్పుదుము. కెనడాలో ఆహారమన్న భయపడు మనోవ్యాధితో ఆసుపత్రిలో చేరిన 38 మంది స్త్రీలకు అల్లిక నేర్పి, ఫలితములను 2009లో ప్రకటించినారు. నూటికి 74 మంది, అల్లుచున్నంతసేపు తమ భయములు, వదలక వేధించు ఆలోచనలు తగ్గినవని చెప్పినారు. 2013లో బ్రిటిషు వృత్తి చికిత్స పత్రికలో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో, వివిధ దేశములలోని 3,545 మంది అల్లువారు ప్రశ్నలకు సమాధానములిచ్చినారు. తరచుగా అల్లువారిలో నెమ్మది, సంతోషము ఎక్కువగా ఉన్నట్లు తేలినది. అయితే ఆ ప్రశ్నలు ఇష్టపడి అల్లువారినే అడిగినవి గనుక, అల్లికయే సంతోషమునకు కారణమని గట్టిగా చెప్పుటకు వీలులేదు; సంతోషముగా ఉన్నవారే ఎక్కువ అల్లుచుండవచ్చును. అల్లిక వైద్యునికి బదులు కాదని కూడ చెప్పవలసియున్నది.

మా అనుభవము చిన్నది. అయినను చెప్పుదుము. దుఃఖములో ఉన్నవాని మనస్సు గానుగెద్దు వలె ఒకే చోట తిరుగును. ఆ రోజు ఆసుపత్రికి ఇంకొక గంట ముందు పోయి ఉన్నచో ఏమగునో అని మేము ఎన్ని రాత్రులు తిరిగినామో లెక్కలేదు. అల్లికలో లెక్క తప్పరాదు: పది, పదునొకండు, పండ్రెండు. ఆ లెక్క మనస్సును పూర్తిగా ఆక్రమింపదు; కాని గానుగ చుట్టు తిరుగుటకు చోటు మిగులనీయదు. రెండు చేతులు ఒకే తాళమున కదలుచుండగా ఊపిరి కూడ ఆ తాళమునకు దిగును. వరుస ముగిసినప్పుడు చేసిన పని కంటికి కనబడును. ఇంత చేసితినని ఆ దినములలో మేము చెప్పుకొనగలిగినది ఆ వ్రేలెడు గుడ్డ ఒక్కటే.

వీనికంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. పెద్దవారమైన తరువాత మనము క్రొత్తవి నేర్చుకొనుట మానివేయుదుము. కారణము తీరిక లేకపోవుట కాదు. తప్పు చేయుటకు సిగ్గు. పిల్లవాడు పది మార్లు పడి నడక నేర్చును. 40 యేండ్లవాడు ఒక్కసారి తప్పటడుగు వేసి చుట్టు చూచును. వడ్రంగములో కోసిన కొయ్య మరల అతుకదు. దర్జీ కత్తిరించిన గుడ్డ మరల కలియదు. అల్లికలో మాత్రము తప్పినంత మేర విప్పవచ్చును. ఊలు కొంచెము ముడతపడును, అంతే. విప్పుట ఓటమి కాదు, పనిలో ఒక భాగము. జీవితములో విప్పుటకు వీలులేని ముడి ఒకటి ఎదురైన యేట, విప్పుటకు వీలైన ముడులు చేతికి దొరకుట మాకు ఎంత మేలు చేసినదో మాటలలో చెప్పలేము.

ఇప్పుడు డెంటు నుండి పారిపోయిన పిల్లల ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. వారికి విప్పుటకు అవకాశము లేదు. విప్పినచో పని తరుగును, తరిగినచో చీవాట్లు. ఆపుటకు అధికారము లేదు. ఎవరి నిమిత్తము అల్లుచున్నారో తెలియదు. ఇష్టపడి పట్టి, అలసినప్పుడు దించగలిగిన సూది ఓదార్పునిచ్చును. దించుటకు వీలులేని సూది బరువే.

దీనికి డెంటు వరకు పోనక్కరలేదు. మా గోదావరి జిల్లాలలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములు లేసు అల్లికకు పేరుపొందినవి. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు బీద స్త్రీలకు నేర్పిన విద్య అది. రెండు సూదుల పని కాదు. కొక్కెము గల ఒక్క సూదితో సన్నని నూలుదారమును పువ్వులుగా, తీగెలుగా అల్లుదురు. ఆ లేసు సముద్రములు దాటి విదేశపు భోజనపు బల్లలకు అలంకారమైనది. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆ స్త్రీల మధ్య తిరిగి, వారి స్థితిని గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటిపనికి తోడు ప్రతిదినము ఎన్నో గంటలు అల్లి, ముక్కకు ఇంత అని అతి స్వల్పమైన కూలి పొందు ఆ స్త్రీలను లోకము పనివారుగా లెక్కింపలేదనియు, తీరిక వేళ వినోదమునకు అల్లుకొను గృహిణులని చెప్పి వారి కష్టమును కప్పివేసినదనియు ఆమె చూపినది.

మా బాల్యములో మా వీధి చివరి యింటి అరుగు మీద ఒక పెద్దమ్మ లేసు అల్లుచుండగా చూచినాము. చూపు ఎటో ఉండును, వ్రేళ్లు మాత్రము మెరుపు వలె ఆడుచుండును. ఎంత హాయిగా కూర్చున్నదో అని మేమనుకొన్నాము. ఆమె మెడ నొప్పి, కన్నుల మంట, షావుకారు లెక్క మాకు తెలియవు. సూదులు పట్టిన తరువాతనే, గంటలో మా మెడ పట్టుకొన్నప్పుడు, ఆమె జ్ఞాపకము వచ్చినది. మేము సూదులు దించి టీ త్రాగినాము. ఆమె దించలేదు.

కనుక అల్లిక మనస్సునకు మంచిదని చెప్పునప్పుడు, ఆ మాట ఎవరిని గూర్చినదో చూచుకొనవలెను. కూటికి అల్లువారికి కావలసినది ఓదార్పు కాదు, సరియైన కూలి. లేసు కొనువారు బేరమాడుటకు ముందు ఒక్క జానెడు అల్లి చూచినచో, ధర ఎక్కువ అను మాట నోట రాదని మా నమ్మకము.

ఇష్టము కొలది నేర్చుకొనదలచిన పెద్దవారికి మాత్రము రెండు మాటలు. మన యెండలకు ఊలు ఎందుకని మా మేనత్తగారు నవ్వినారు. ఈజిప్టువారి పాత మేజోళ్లు నూలువియే గనుక, మనమును నూలుదారముతో అల్లవచ్చును. దారము లావుగాను, లేత రంగుగాను ఉండవలెను. నల్లదారములో ఉచ్చులు కనబడవు. సూదులు లావైనవే మంచివి. 30 ఉచ్చులతో మొదలుపెట్టి, మొదటి వారము అందము చూడక, ప్రతి వరుస చివర లెక్క మాత్రము చూచుకొనవలెను. ఇంటిలోనో ఇరుగుపొరుగుననో తెలిసిన పెద్దవారున్నచో వారి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుట మేలు. వారికిని పొద్దుపోవును, మనకును తోడు దొరకును. రేడియో వినుచు అల్లుటకు ఏ అడ్డంకియు లేదు.

మా మఫ్లరును మూడుమార్లు విప్పి, నాల్గవసారి పూర్తిచేసినాము. నడుమ ఒకచోట ఉచ్చు జారిన గుర్తు ఉన్నది. ఆ పంజాబీ ఆవిడ దానిని చూచి, ఇది విప్పవలసినంత తప్పు కాదు, ఉండనీయండి అన్నారు. ఉండనిచ్చినాము.